స్వరూప చూడని కణం

ముప్ఫై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. నాతో పనిచేసినవాళ్లకూ చెప్పలేదు. నువ్వు చిన్ననాటి నేస్తానివి, నన్నెప్పుడూ ‘సార్’ అని పిలవలేదు కాబట్టి నీకు ఈ ఉత్తరంలో చెబుతున్నాను. ఆ పిలుపు వింటే నాకు నోరు పెగలదు.

ఎనభైల చివర గోదావరిఖనిలో ఒక బడిలో జీవశాస్త్రం చెప్పేవాణ్ని. పిల్లల్లో ఎక్కువమంది బొగ్గు బాయి కార్మికుల బిడ్డలు. తొమ్మిదో తరగతికి ఏటా కణం పాఠం ఉండేది. ప్రాణమున్న ప్రతిదీ కణాలతోనే తయారైందని చెప్పి, బోర్డు మీద ఇటుకల వరసలా బొమ్మ వేసేవాణ్ని. బయట కణకవచం, లోపల కణద్రవ్యం, అందులో కేంద్రకం. మీ నాన్నలు తవ్వే బొగ్గు కూడా ఒకప్పుడు చెట్టే, దానిలోనూ కణాలుండేవి అంటే పిల్లలు నోళ్లు తెరిచి వినేవాళ్లు. నేను మాత్రం కణాన్ని ఎన్నడూ చూడలేదు. కాలేజీలో నా వంతు వచ్చినప్పుడు మసక తప్ప ఏమీ కనబడలేదు. కనబడిందని చెప్పి పుస్తకంలో బొమ్మ దించేశాను.

ఆ ఏడు మా బడికి సూక్ష్మదర్శిని వచ్చింది. పాఠం చూడటానికి హెడ్మాస్టరు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. ఉల్లిపొర ఒలిచి ఎర్ర రంగు నీళ్లున్న గాజు గిన్నెలో వేశాను. తరువాత స్లైడు సిద్ధం చేసి, పైన పల్చటి గాజుబిళ్ల కప్పి, యంత్రం కింద పెట్టాను. కన్ను ఆనించాను. తెల్లటి వెలుతురు. అంచున నా కనురెప్పల వెంట్రుకలు. అంతే.

“కనబడుతున్నయి. ఒక్కొక్కరు రండి” అన్నాను.

మొదటివాడు చూసి, “ఇటుకల లెక్క ఉన్నయి సార్” అన్నాడు. తరువాతి పిల్ల, “నడుమ చుక్క సుత ఉన్నది” అంది. పది పన్నెండు మంది చూశాక నా చూపు గాజు గిన్నె మీద పడింది. ఉల్లిపొర అందులోనే తేలుతోంది.

నేను దాన్ని స్లైడు మీద పెట్టనే లేదు.

అప్పుడే ఆపి ఉండవచ్చు. నవ్వేసి, మరిచిపోయానని చెబితే అయిపోయేది. హెడ్మాస్టరు ముందు చిన్నబోతాననా? లేక అప్పటికే చూశామన్న పిల్లలకు ఏం చెప్పాలో తెలియకనా? గిన్నె మీద పుస్తకం కప్పాను. పిల్లలు వస్తూనే ఉన్నారు, చూస్తూనే ఉన్నారు. ఒకడు “కదులుతున్నయి సార్” అన్నాడు. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఒక్కరూ తల తిప్పలేదు. వాళ్ల ముఖాల్లో అబద్ధం లేదు. నాకు భయం పుట్టింది అందుకే. ఉండబట్టలేక మళ్లీ కన్ను ఆనించాను. నిజం చెబుతున్నాను, ఆ ఖాళీ వెలుతురులో ఒక్క క్షణం నేను బోర్డు మీద గీసిన గళ్లే, వరసగా, ఎర్రగా కనబడ్డాయి.

చివరికి స్వరూప వచ్చింది. భూగర్భ గనిలో పనిచేసే ఓదేలు కూతురు. తరగతిలో తక్కువ మాట్లాడేది. చాలాసేపు చూసింది.

“ఏం కనబడ్తలేదు సార్. అంత తెల్లగున్నది.”

పిల్లలు నవ్వారు.

“మల్ల చూడు.”

“చూసిన సార్. ఏం లేదు.”

“అందరికి కనబడ్డది. నీకొక్కదానికి కనబడ్తలేదంటె నీ కండ్లల్లనే ఏదో ఉన్నది” అన్నాను. ఆ గొంతు నాదే.

మర్నాడు పుస్తకాలు దిద్దితే అందరివీ ఒకటే బొమ్మ. స్వరూప మాత్రం ఒక గుండ్రం గీసి, కింద ‘తెలుపు’ అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టాను.

రెండు రోజులకు ఓదేలు మొదటి షిఫ్టు దిగి నేరుగా బడికి వచ్చాడు. కనురెప్పల అంచుల్లో బొగ్గు ఇంకా కాటుకలా ఉంది.

“సార్, మా పోరికి నిజంగనే కండ్లు కనబడ్తలేవా?”

అడిగింది నన్ను. జవాబు తెలిసింది నాకొక్కడికే.

“ఒకసారి దవాఖానల చూపియ్యి అన్న. ఫికర్ చెయ్యకు.”

దవాఖానలో కళ్లు బాగున్నాయన్నారు. ఇంట్లోవాళ్లకు దాంతో భయం ఇంకా పెరిగింది. కళ్లు మంచివే, అందరికీ కనబడేది దీనికి కనబడదు. మరి దీని కళ్లలోంచి చూస్తున్నదెవరు? వాళ్ల నాయనమ్మ ఎవరి దగ్గరికో తీసుకెళ్లి కళ్లలో పసరు పిండించింది. బడిలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు లేకుండా పోయారు.

నెల తరువాత ఒక మధ్యాహ్నం స్వరూప తనే నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. “ఇంకోపారి చూస్త సార్” అంది.

ఇక్కడ ఆగి ఊపిరి తీసుకుంటున్నాను. మొదటిసారి జరిగింది పొరపాటు. ఈసారి ఉల్లిపాయ తెచ్చి ఉండవచ్చు, రంగు నీళ్లు కలిపి ఉండవచ్చు. నేను ఉత్త స్లైడే పెట్టాను, తెలిసి. మళ్లీ ఏం లేదు అంటుందని ఆశపడ్డానా? అంటే అప్పుడైనా నిజం చెప్పేవాణ్నా? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా తెలియడం లేదు.

ఆమె కన్ను ఆనించింది. కదల్లేదు. పసరు మరకలున్న చెంప మీద అద్దపు వెలుగు పడింది. మెల్లగా నవ్వింది.

“కనబడ్తున్నయి సార్. కేంద్రకం సుత.”

బొమ్మ గీసింది. తప్పు లేదు. ‘చాలా బాగుంది’ అని రాసి సంతకం పెట్టాను. ఆ తరువాత నా తరగతిలో స్వరూప దేనికీ కాదు అనలేదు.

తరువాతి ఏడు ఒక శిక్షణలో ఎవరో యంత్రం సరిచేసి ఇస్తే మొదటిసారి అసలైన కణాలు చూశాను. చెప్పడానికి ఆమె ఇంటిదాకా వెళ్లి, గుమ్మం ముందు నుంచే తిరిగొచ్చాను.

తొంభైలలో మందమర్రి బజారులో ఓదేలు కలిశాడు. నా చేతులు పట్టుకున్నాడు. “పెండ్లి చేసినం సార్. మంచిగున్నది. ఎవలేది చెప్తె గదే అంటది, ఎదురు మాట్లాడదు. మీ చేతులనే దారిల పడ్డది సార్” అన్నాడు. దండం పెట్టాడు. నేను తిరిగి దండం పెట్టాను.

ఇప్పుడు ఆమె ఎక్కడుందో తెలియదు. వెతికి చెబితే నమ్ముతుందా? “లేదు సార్, నేను చూసిన” అంటుందేమో. నా భయం అదే.

ఆ రోజు స్లైడు మీద ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చూసింది స్వరూప ఒక్కతే. ఈ రెండు మాటలు రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోయింది.