పైకప్పు లేని చర్చిలో అమ్మ

మా చిన్నప్పటికే ఆ చర్చికి పైకప్పు లేదు... మూడు గోడలు, సగం కూలిన గంట గోపురం, లోపల మోకాలెత్తు గడ్డి. అమెరికాలో మేముండే హెర్న్‌డన్ నుంచి కారులో రెండు గంటల దూరం, చిన్న పల్లె. ఎప్పుడో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు తమ ఊళ్లో ఉన్నట్టే కట్టుకున్నారట... తర్వాత అక్కడి అంతర్యుద్ధంలో తగలబడిందట. పాత కట్టడాలంటే నాన్నకు పిచ్చి.

ఆ రోజు నాన్న కెమెరా కోసం కారు దగ్గరికి వెళ్లారు. అమ్మ గోడ నీడన ప్లేట్లలో పులిహోర పెడుతోంది. నేనూ, ఐదేళ్ల మా చెల్లి స్వాతీ గడ్డిలో ఆడుకుంటున్నాం.

గోడ సందులోంచి కుక్క వచ్చింది. మొరగలేదు. నేరుగా వచ్చి చెల్లి భుజం పట్టి ఈడ్చేసింది... పసుపు గౌను ఎర్రబడిపోయింది.

మా అమ్మ బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే మనిషి. అలాంటిది వచ్చి దాని మీద పడింది. దవడల మధ్య చెయ్యి పెట్టి విడదీసింది. అది చెల్లిని వదిలి అమ్మ చేతిని నమిలేస్తోంది...

"చిన్నా, చెల్లిని పక్కకి లాగెయ్!" అని అరిచింది నాతో.

రెండో చేత్తో రాలిన ఇటుక అందుకుంది. కొట్టింది. కుక్క కదలడం మానేశాక కూడా కొడుతూనే ఉంది... నాన్న పరుగెత్తుకొచ్చి పట్టుకునేదాకా.

"చాలు రమా... చచ్చిపోయింది."

"పాప ఊపిరి తీసుకుంటోందా? ముందది చూడండి!"

ఇంతలో కుక్క యజమాని, పక్క పొలం ముసలాయన, తుపాకీతో వచ్చాడు. అమ్మ ఇటుక పట్టుకునే మాకు అడ్డంగా నిలబడింది. ఆయన చెల్లిని చూశాడు... తుపాకీ గడ్డిలో పడేసి, చొక్కా విప్పి ఆ భుజానికి బిగించి కట్టాడు. అంబులెన్స్ వచ్చేదాకా "సారీ మ్యామ్, సారీ" అంటూనే ఉన్నాడు.

చెల్లి బతికింది. అమ్మ వేళ్లు రెండు మళ్లీ ముడుచుకోలేదు. ఆ కుక్క సంగతి అమ్మ తర్వాత ఒక్కసారే ఎత్తింది... "దానికేం తెలుసు, పాపం. కానీ నేనేం చెయ్యను?"

ఇన్నేళ్ల తర్వాత మొన్న నేనూ, చెల్లీ మళ్లీ వెళ్లాం. చుట్టూ కంచె, నున్నటి లాన్, లోపల ఎవరిదో వెడ్డింగ్ ఫొటోషూట్.

"ఇక్కడేనా అన్నయ్యా? సో స్మాల్!" అంది చెల్లి.

అక్కడ నవ్వుతూ నిలబడిన పెళ్లికూతురికి ఏం తెలుసు...

మీ అమ్మలో మీరు ఒక్కసారే చూసిన ఆ ఇంకో మనిషి ఎవరు? చెప్పండి... చదవాలని ఉంది.