బరువు పెరిగింది, ఊపిరి తగ్గింది

2003 వేసవి. కుందుర్పి చుట్టుపక్కల పల్లెల్లో ఒక ఆరోగ్య సర్వేకు నేను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. పేరు ఘనమే, పని మాత్రం బరువు మిషన్ భుజాన వేసుకుని ఊరి కుక్కలతో పరిచయం పెంచుకోవడం. ఏటా అవే ఇళ్లు, అవే మనుషులు. దీన్ని ఫాలో-అప్ అంటారు: కరువు మనిషిని ఏం చేసిందో తెలియాలంటే ఆ మనిషినే మళ్లీ మళ్లీ చూడాలి.

అంతకుముందు వానాకాలం వేసిన వేరుశనగ ఎండిపోయింది. ఏటా నేను తూకమేసే రామాంజినమ్మ ఇంటికి తాళం. పక్కన పెద్దకొడుకు ఇంట్లో ఉండే అత్త ఓబుళమ్మ, "మా చిన్నోడు బెంగళూర్లో కంపెనీలో ఉండాడప్పా. పెండ్లాన్నీ పిల్చుకపోయినాడు," అంది.

సూపర్‌వైజర్ దగ్గర పరిష్కారం సిద్ధంగా ఉంది. "ఊర్లో ఉండేవాళ్లనే తూకమేసి రాసెయ్యప్పా."

"సార్, ఊర్లో మిగిలినోళ్లు ఇంట్లో గింజలు ఉండేవాళ్లు. వాళ్లనే తూకమేస్తే కరువొచ్చి జనం బాగుపడినారని తేల్తాది."

ఆయన ఒప్పుకోలేదు. సెలవు పెట్టి, మిషన్ భుజాన వేసుకుని నేనే బెంగళూరు బస్సెక్కాను.

మహానగరంలో వెతుకులాట గురించి గొప్పగా రాద్దామనుకున్నాను. కానీ కూలీలు నిలబడే కూడలిలో "కుందుర్పోళ్లు ఎవరన్నా ఉండారా?" అంటే సగం కూడలి తిరిగి చూసింది.

వాళ్లు చూపించిన కట్టడం దగ్గర రామాంజినమ్మ సిమెంటు కలుపుతోంది.

"ఏమప్పా, ఈడికీ వచ్చినావా? నేను మిషన్ ఎక్కను. మా అత్తకు కంపెనీ అని చెప్పినాం. నువ్వు పోయి సిమెంటు అంటే ఊర్లో తలెత్తుకోలేము."

"ఆఫీసుకు పోయేది నెంబరేనక్కా, పేరు కాదు. నెంబరుకు అత్త ఉండదు."

"ఊర్లో అడిగితే?"

"బాగుండాదని చెప్తా. ఎంత బాగుండాదో మిషన్ చెప్పాల."

ఎక్కింది. బరువు పెరిగింది. రెండు పూటలా ముద్ద దొరుకుతోంది మరి. విజయగర్వంతో పీక్ ఫ్లో మీటర్ తీశాను. గట్టిగా ఊదితే ముల్లు ఊపిరి బలం చూపుతుంది. ఊదింది. ముల్లు పోయినేడు ఆగిన చోటికి చేరలేదు. మళ్లీ ఊదబోయి దగ్గింది.

"చెడిపోయింటాది," అంది.

గొట్టం మూతి మార్చి నేను ఊదాను. ముల్లు ఎగిరింది. మీటర్ బాగానే ఉంది.

"ఇది సిమెంటు దుమ్మక్కా. ఇటుకల పనికి మారిపో."

"ఆడ కూలి తక్కువప్పా. ముద్ద తగ్గుతాది." కొంగు ముక్కుకు చుట్టుకుని పనిలోకి పోయింది.

రెండు అంకెలూ చూసి సూపర్‌వైజర్, "బాగుపడిందా, చెడిందా? ఒకటి చెప్పు," అన్నాడు.

"రెండూ సార్. వచ్చే ఏడూ పోతా."

ఊర్లో ఓబుళమ్మ ఆపింది. "కోడలు బాగుండాదా?"

"బరువు పెరిగిందవ్వా."

"కంపెనీ తిండి కదప్పా," అంది, వీధంతా వినపడేలా.

రెండింట్లో ఒక అంకే చెబితే మనుషులు ఎంత సంతోషపడతారో ఆ రోజు చూశాను. అందుకే రిపోర్టులో రెండూ ఉండాల్సిందేనని ఇప్పటికీ పట్టుబడతాను.