ఎప్పటికీ అనుమతి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు ప్రశ్నపత్రాలు టైపు చేసే లింగస్వామికి ఒకరి చేత రెండోసారి అడిగించుకోవడం చేతకాదు. కాలు విరిగి ఎల్‌బీ నగర్‌లోని ఇంటి నుంచే పని చేయాల్సి వచ్చినప్పుడు, సెంటర్ నడిపే ఇంద్రాణి మేడమ్ తను సెంటర్ నుంచే అతని కంప్యూటర్‌లోకి వచ్చి తప్పులు దిద్దేందుకు సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించింది. వచ్చిన ప్రతిసారీ నిన్ను అడగాలా, ఎప్పటికీ అనుమతి ఇచ్చేస్తావా అని అది అడిగింది. మేడమ్‌ను గుమ్మంలో నిలబెట్టడం ఏం మర్యాదని, ఎప్పటికీ ఇచ్చేశాడు. అప్పటి నుంచి తెరమీద బాణం దానంతటది కదిలితే చాలు, మౌస్ వదిలేసి, లుంగీ సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుంటాడు.

నిన్న మధ్యాహ్నం బాణం కదిలేసరికి, మలక్‌పేటలో ఇంకో సెంటర్‌కు సాయంత్రంలోగా పంపాల్సిన ఉద్యోగ దరఖాస్తు తెరిచి ఉంది. పదకొండేళ్లలో అతను రాసుకున్న మొదటి దరఖాస్తు అది. వెంటనే ఫోన్ మోగింది.

"ఏంటి లింగస్వామీ, మమ్మల్ని వదిలేసి వెళ్లిపోదామనే? 'ఏ పనైనా నమ్మకంగా చేయగలను' అంట, వినండర్రా!"

ఫోన్‌లో స్టాఫ్ రూమంతా నవ్వింది. బాణం తాపీగా దరఖాస్తు మూసి, ఫైలు శాశ్వతంగా తీసేయాలా అన్న ప్రశ్న దగ్గర ఆగింది.

"నేను తీసేస్తే బావుండదు. నువ్వే నొక్కు నాన్నా."

భార్య సౌజన్య కంప్యూటర్ స్విచ్ మీద వేలు పెట్టింది. "ఏం జూస్తున్నవ్, బంద్ జేస్త ఉండు!"

ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి, ఆమె వేలు పక్కకు తీశాడు. "మేడమ్ లోపలున్నరే! ఎట్ల బంద్ జేస్తవ్?"

తర్వాత మౌస్ పట్టుకున్నాడు.

"నొక్కిన మేడమ్."