చెల్లి సూట్‌కేసుకు నేను వేసిన చక్రం

చాలా ఏళ్లుగా ఒక మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. మా చెల్లి కుడిచేతిలో బలం పోయింది నా వల్ల. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా పుట్టిల్లు సిరిసిల్ల. అమ్మానాన్నలు పోయాక, అప్పటిదాకా మరమగ్గాల దగ్గర నూలు కండెలు చుట్టిన చెల్లి రజిత, కోరుట్లలో నా అత్తింటికి వచ్చేసింది. మా ఆయనకు బస్టాండు పక్కన సూట్‌కేసులు, బ్యాగులు బాగుచేసే కొట్టు ఉంది. దుబాయి నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసులకు అరిగిన చక్రాలు మార్చడమే ఎక్కువ పని. రజిత నా చిన్నబిడ్డను చూసుకునేది కాబట్టి నేనూ కొట్టులో కూర్చునేదాన్ని. జిప్పులు కుట్టడం, చక్రాలు వేయడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక మొదటిసారి నలుగురు నన్ను పేరు పెట్టి పిలిచింది అక్కడే. అది నాకు ఎంత ఇష్టమో అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

అంతలో రజితకు హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో రోగులను చూసుకునే ఉద్యోగం దొరికింది. ఉండటానికి హాస్టలు కూడా. ఇల్లంతా గంతులేసింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒకటే గుబులు. ఇది వెళితే నేను మళ్లీ నాలుగు గోడల మధ్యకే.

ఎవరో ఇచ్చిన పాత సూట్‌కేసు తెచ్చి చక్రాలు మార్చమంది. మా ఆయన సామాను కోసం జగిత్యాల వెళ్లాడు. కొట్టులో నేనొక్కదాన్నే. లోపలి అస్తరు గుడ్డ జిప్పు తీసి స్క్రూలు విప్పాను. కొత్త చక్రాలు నా ముందే ఉన్నాయి. ఒకటి కొత్తది వేశాను. రెండోదానికి మాత్రం, ఎవరి సూట్‌కేసు నుంచో తీసి డబ్బాలో పడేసిన చక్రాల్లో చెయ్యి పెట్టాను. చేతికి వచ్చినదాన్ని ఊపి చూస్తే ఇరుసు దగ్గర వదులుగా కొట్టుకుంది. అదే వేశాను. స్క్రూలు కూడా పొట్టివి బిగించాను. ఏమనుకున్నాను? దారిలో ఊడితే, బస్సు తప్పితే, విసుగొచ్చి తిరిగి వచ్చేస్తుందనా? అంత దూరం ఆలోచించానా అని నన్ను నేను ఎన్నిసార్లో అడుక్కున్నాను. ఆలోచించాను. దెబ్బ తగులుతుందని మాత్రం అనుకోలేదు. కానీ ఆ మాట ఇప్పుడు ఎవరికి కావాలి?

జగిత్యాల బస్టాండులో బస్సు మారేటప్పుడు, హైదరాబాదు బస్సు కదులుతుంటే రజిత పరుగెత్తింది. చక్రం ఊడి, సూట్‌కేసు అడ్డం తిరిగి, బరువంతా లాగేసరికి రజిత కుడిచేతి మీదే బోర్లా పడింది. మణికట్టు విరిగింది. ఆ ఉద్యోగం దాని కోసం ఆగలేదు.

ఆసుపత్రిలో నన్ను చూడగానే అంది, "ఏడ్వకే అక్కా. నువ్వు చక్రం మంచిగనే ఏసినవ్. నేనే ఆగమాగం ఉరికిన."

"గీ బస్సు పోతే ఇంకోటి రాదా? ఎందుకురికినవే గట్ల?" అన్నాను.

అవును, నేను దాన్ని తిట్టాను. అది తల వంచుకుంది.

సూట్‌కేసు ఇంటికి వచ్చాక మా ఆయన చక్రం ఊడిన చోటు వేలితో తడిమి చూశాడు. నా వైపు చూశాడు. అక్కడ మిగిలిన పొట్టి స్క్రూను తీసి జేబులో వేసుకున్నాడు. అది ఎందుకు వేశానని ఇప్పటికీ అడగలేదు. కట్టు విప్పాక రజిత ఎడమచేత్తో నా బిడ్డను ఎత్తుకుంది. నేను కొట్టుకు వెళ్లాను. నేను కోరుకున్నదే జరిగింది.

ఇప్పుడు అది రుద్రంగిలో కాపురం చేసుకుంటోంది. మంచి మొగుడు, ఇద్దరు పిల్లలు. బాగానే ఉంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. కానీ నిండు బిందె ఆ చేత్తో లేపలేదు. మొన్న నా మోకాలి నొప్పికి జగిత్యాల ఆసుపత్రికి తోడు వచ్చింది. ఒక ముసలాయనను మంచం ఎక్కిస్తున్న నర్సులను కన్నార్పకుండా చూసి, "నేనైతే ఇంకింత పైలంగ పట్టుకుందు అక్కా," అంది. నవ్వుతూనే అంది.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచి, మందుల చీటీ ఎక్కడ పెట్టానో అని వెతుక్కున్నాను.

దానికి ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, విరిగిన చేయి మీది కాదు. ఆ చక్రం దానంతటది ఊడలేదు. ఊడుతుందని తెలిసే వేశాను. ఒక్క మనిషికైనా ఈ మాట పూర్తిగా చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది.