బావ సగంలో లేచి వచ్చిన సినిమా

మా ఊరు చిట్యాల దాటినంక రోడ్డు దిగి లోపలికి పోవాలి. ఎండాకాలం చేన్లు ఖాళీ అయినప్పుడు అక్కడికి డేరా టాకీసు వచ్చేది. ఎవరి చెలకలోనో గుంజలు పాతి గుడ్డ కట్టేవాళ్లు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, నడుమ తడక. మిషన్ ఒక్కటే కాబట్టి రీలు అయిపోగానే దీపం వేసేవాళ్లు. ఇంకో రీలు ఎక్కించేదాకా జనం మాట్లాడుకునేవాళ్లు. నన్నడిగితే సినిమా కంటే ఆ మాటలే బాగుండేవి.

ఆ ఏడు వచ్చింది దయ్యం సినిమా. ఖూనీలు, దయ్యాలు, గుండె ధైర్యం లేనివాళ్లు రావద్దని బండి మీద మైకు పెట్టి ఊరంతా తిరిగారు. అట్లా చెప్తే రాకుండా ఉండేవాళ్లు ఎవరు? నడవలేని ముసలివాళ్లు కూడా కట్టె పట్టుకొని బయల్దేరారు. పంచిన కాగితం మీద ఒక పుర్రె, ఒక పిస్తోలు ఉన్నాయి. బావి బొమ్మ లేదు. ఉంటే మా అమ్మ గడప దాటేది కాదు.

అంతకు ముందు దసరా వెళ్లిన కొన్నాళ్లకు మా అక్క బావిలో పడి పోయింది. కట్టంగూర్ పక్కన ఒక పల్లెకు ఇచ్చారు దాన్ని. పాలు తాగే ఆడపిల్ల దానికి. నీళ్లకు పోయి జారిపడిందేమో అని మేము అడిగితే, బిందె ఇంట్లోనే ఉంది, దూకింది అన్నారు అత్తింటివాళ్లు. ఎందుకు దూకిందంటే తెలియదన్నారు. ఊరి పెద్దలు వచ్చి చూశారు, వాళ్లూ దూకిందనే అన్నారు, అంతటితో అయిపోయింది.

బిడ్డ చచ్చిపోతే తల్లి ఏడుస్తుంది. మా అమ్మ ఏడవలేదు, తిట్టింది. "సంకల పిల్లను ఇడిసిపెట్టి ఎట్ల పోబుద్దయింది దానికి? నా కడుపుల చెడబుట్టింది" అని పొయ్యి ముందర కూర్చొని తిట్టేది. అక్క పేరెత్తితే లేచి వెళ్లిపోయేది. దూకి చచ్చినదాని తల్లి అని ఊళ్లో నలుగురు చూసే చూపు ఆమెను లోపల లోపల కోసేసింది.

తర్వాత నా వంతు వచ్చింది. అక్క పోతే చెల్లెను ఇచ్చుడు మాలో రివాజే. పరాయిది వస్తే పిల్లకు అన్నం పెడుతుందా, చిన్నమ్మ అయితేనే తల్లి అవుతుంది అని పెద్దమనుషులు కూర్చొని తేల్చారు. మా బాపు మాట ఇచ్చాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా సరే అనేదాన్నే. ఆ పిల్ల నా మెడ చుట్టూ చేతులు వేస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. బావ కూడా చెడ్డమాట అన్నవాడు కాదు. గొంతు ఎత్తేవాడే కాదు. అందరూ అదే మెచ్చుకునేవాళ్లు. ఆయన ఎదురుగా వస్తే మాత్రం నాకెందుకో కాళ్లు వెనక్కి పోయేవి. సిగ్గు అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

"పెండ్లి దగ్గరికొచ్చె, ఎన్నొద్దులు ఇంట్లనే కూసుంటవ్, లే" అని పక్కింటి అవ్వ అమ్మను రెక్క పట్టుకొని సినిమాకు లాక్కొచ్చింది. ఆ అవ్వ నోటికి ఊరంతా భయపడేది. ఆమె మా అమ్మకు మాత్రం తల్లి లెక్క.

సినిమా ఏమి సినిమా! ఒక జమీందారు ఆస్తి కోసం పెళ్లాన్ని బావిలో తోసి, దూకిందని లబోదిబోమని ఏడుస్తాడు. ఆమె తెల్లచీర కట్టుకొని దయ్యమై తిరుగుతుంది. టోపీ పెట్టుకున్న డిటెక్టివ్ ఒకడు ఇల్లంతా భూతద్దంతో వెతికి, ఆమె పిడికిట్లో దొరికిన కోటు గుండీతో మొగుణ్ని పట్టిస్తాడు. ఆ దయ్యం నడుస్తుంటే నీడ పడేది. పొగ ఎక్కువై దయ్యమే దగ్గింది. జనం భయపడేది పోయి నవ్వారు. బావిలోంచి ఆమెను పైకి తీసే చోట మాత్రం ఆడవాళ్ల పక్క ఎవరూ నవ్వలేదు. నేను అమ్మ దిక్కు చూడలేకపోయాను. లేచి పోదామని చెయ్యి పట్టుకున్నాను. అమ్మ లేవలేదు.

తెల్లవారి ఊరంతా అదే ముచ్చట. విత్తనం పల్లికాయ ఒలవడానికి నలుగురైదుగురు ఆడవాళ్లు మా వాకిట్లో కూర్చున్నారు. కుట్టిన రవికలు ఇవ్వడానికి వచ్చిన దర్జీ సాబు గోడ పక్కన నిలబడి తన తీర్పు చెప్పాడు.

"కోటు ఒక్కటే ఉన్నదమ్మా వాళ్లకు. జమీందారుకు గదే, డిటెక్టివుకు గదే, ఇనిస్పెక్టరుకు గదే. ఖూనీ కాడ గుండీ ఊడిందంటరు. ఖూనీ కాకముందే లేదు గా గుండీ! నేను పెండ్లి సీనులనే చూసిన."

అందరూ పగలబడి నవ్వారు. "ఓ సాబూ, దయ్యాన్ని చూడమంటే గుండీలు చూస్తవా?" అన్నది ఒకామె. "నా పని గది గదమ్మా" అని ఆయన వెళ్లిపోయాడు. జమీందారు వేషం వేసినవాడి ఏడుపు మస్తుగా ఉందని ఒకామె, వాడు తడిగుడ్డతో గొంతు కోసే రకమని మొదటి రీలులోనే తనకు తెలిసిందని ఇంకొకామె. అప్పుడు అవ్వ నోరు విప్పింది.

"గా టోపీగాడంత పిచ్చోణ్ని నేను యాడ చూడలే. గుండీ ఎందుకురా నీకు? ఆమెను పైకి తీస్తనే చీర చూస్తే తెల్వదా? కొంగు యాడనో ఉన్నది, కుచ్చిళ్లు ఊడినయి. దూకేటామె గట్ల పోతదా?"

"మరెట్ల పోతది అవ్వా?" అని ఒక కొత్తకోడలు అడిగింది.

"కొంగు నడుముకు బిగ్గట్టి, చీర కాళ్ల నడుమకెల్లి గోసి వెట్టి పోతది. తెల్లారి నలుగురు మొగోళ్లు బాయిల దిగి తన్ను తీస్తరని దానికెరుక లేదా? సచ్చినంక నన్నెవరు కప్పుతరని ముందుగాల్నే కప్పుకొని పోతది. నా ఎరుకల ఎందరిని తీసిండ్రు, అందరు గట్లనే ఉన్నరు. చీర ఇడిసి ఉన్నదంటే అది దూకినట్టు గాదు. సినిమా తీసినోడికి ఆడోళ్ల సంగతి ఏం తెలుస్తది, వాని పాడుగాను!"

చుట్టూ ఉన్నవాళ్లు ఔనౌనని తలలూపారు. నిజమే, మా దిక్కు ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే అది. ఒకామె నవ్వబోయి ఆగిపోయింది. అమ్మ చేతిలో పల్లికాయ అట్లాగే ఉంది, ఒలవడం లేదు.

"అవ్వా," అన్నది అమ్మ. "నా బిడ్డకు ఆఖరు నీళ్లు పోసిననాడు నువ్వు నా ఎంబడే ఉంటివి. దాని చీర ఎట్లుండె?"

తను ఏమి మాట్లాడిందో అప్పుడు తెలిసింది అవ్వకు. "ఊకో బిడ్డా. సినిమా ముచ్చట గది" అన్నది.

"చెప్పవ్వా."

"నన్నెందుకడుగుతవు? నువ్వే కప్పితివి గదా."

"ఔ. నేనే కప్పిన" అన్నది అమ్మ. "కొంగు లేకుంట పడి ఉంటే నా మీది కొంగు దీసి కప్పిన. సచ్చేటప్పుడు గూడ సోయి లేదు దీనికి, ఇజ్జత్ తీసిందని తిట్టుకుంట కప్పిన."

ఒక్కొక్కరూ చాటలు దులుపుకొని వెళ్లిపోయారు. అవ్వ మాత్రం అమ్మ పక్కనే కూర్చుంది. బిడ్డ పోయిన ఇన్ని నెలలకు మా అమ్మ ఆ పూట ఏడ్చింది. ఊరు ఊరంతా వినేటట్టు ఏడ్చింది. "నా బిడ్డ పిల్లను ఇడిసిపెట్టి పోలే! అది పోలే!" అని నేల కొట్టుకుంటూ ఏడ్చింది. నేను భయంతో గోడకు అతుక్కుపోయాను. ఆ ఏడుపు అక్క కోసమే కాదు, అక్కను తిట్టిన తిట్లన్నిటి కోసం అని ఇప్పుడు అనిపిస్తుంది. తల్లికి అంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా?

బాపు చేను నుంచి వచ్చి సంగతి విని మండిపడ్డాడు. "డేరాల సినిమా చూసి సంబంధం ఇరగ్గొడ్తవా? చీర నీళ్లల్ల ఊడదా? నలుగుట్ల మాట ఇచ్చిన. పిల్ల గతి ఏంగావాలె?" అన్నాడు. బాపు అన్నది తీసిపారేసే మాట కాదు. ఒక్క చీరతో మనిషిని హంతకుడు అనగలమా? సినిమావాళ్లకు గుండీ అయినా ఉంది. మాకున్న చీర అక్కతోనే మట్టిలోకి పోయింది. అమ్మ ఎదురు చెప్పలేదు. "రానియ్యి. నేను ఒక్కమాట అడుగుత" అన్నది.

పెండ్లిబట్టలు తీసుకొని బావ వచ్చాడు. పిల్లనూ ఎత్తుకొచ్చాడు. నేను ఉరికి పోయి పిల్లను తీసుకొని అమ్మకిచ్చాను. బావ వాకిట్లో మంచం మీద బాపు పక్కన కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్లు పెట్టి లోపలికి వచ్చాను. అల్లుడి ముందర అత్త నిలబడడం మాలో లేదు. ఏదన్నా ఉంటే తలుపు చాటు నుంచే మాట్లాడాలి. అమ్మ పిల్లను సంకన వేసుకొని గడప దాటి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. బాపు తల ఎత్తి చూశాడు.

"మీ దిక్కు గూడ డేరా వచ్చిందట గద అల్లుడా. గా దయ్యం సినిమా చూసినవా?"

బావ నవ్వాడు. "చూసిన అత్తమ్మా. ఉత్త బేకార్ సినిమా. సగంల లేచొచ్చిన."

"యాడ లేచినవ్?"

ఆయన చెంబు ఎత్తి నీళ్లు తాగాడు. "యాది లేదు" అన్నాడు.

"బాయిల కెల్లి ఆమెను తీస్తరు చూడు. గది చూసినవా?"

"గాడనే లేచిన."

"మేం ఆఖరుదాకా చూసినం" అన్నది అమ్మ. "ఆమె చీర చూసినం. నా బిడ్డ చీర గూడ గట్లనే ఉండె. నేనే కప్పిన."

ఏం చీర అత్తమ్మా, ఏమంటున్నవ్ అని ఆయన ఒక్కమాట అడిగితే చాలు. బాపు అదే మాట కోసం ఆయన నోటి దిక్కు చూస్తున్నాడు. నేను తలుపు పట్టుకొని చూస్తున్నాను. ఏ తప్పూ లేని మనిషి అడగడా? కోప్పడడా? ఆయన చెంబు కింద పెట్టాడు. ఎప్పటిలాగే మెల్లగా లేచి, "పిల్లను ఇటియ్యి అత్తమ్మా, పొద్దుపోతాంది" అన్నాడు.

బాపు తల దించుకున్నాడు. మాట ఇచ్చిన సంగతి ఆ రోజు తర్వాత మళ్లీ ఎత్తలేదు.

ఆయన తెచ్చిన పెండ్లిబట్టల మూటను అమ్మ తిరిగి తెచ్చి మంచం మీద పెట్టింది. పిల్లను మాత్రం ఇవ్వలేదు. గట్టిగా పట్టుకుంది. బావ చేతులు చాచి నిలబడ్డాడు. పిల్ల ఆయన పిల్ల, ఇంటిపేరు ఆయనది, ఏ పెద్దమనిషిని అడిగినా అదే చెప్తాడు. చివరికి బాపే లేచి అమ్మ చేతులు విడదీశాడు. పిల్ల తండ్రి భుజం మీది నుంచి వెనక్కి తిరిగి చేతులు చాపి ఏడ్చుకుంటూ పోయింది. మలుపు దాటినంక కూడా ఆ ఏడుపు వినిపించింది. నన్ను ఆ ఇంటికి పోకుండా ఆపడానికి మా అమ్మ ఇచ్చుకున్నది ఆ పిల్లను.

తర్వాత బాపు ఆ ఊరికి పోయాడు. పిల్లను చూపించలేదు. బతుకమ్మకు అమ్మ గౌను కుట్టించి పంపితే ఎట్లా పోయింది అట్లాగే తిరిగి వచ్చింది. ఆ పిల్లను మేము మళ్లీ చూడలేదు. నాకు పెండ్లయింది, పిల్లలు పుట్టారు. ఏ పిల్ల నా మెడ చుట్టూ చేతులు వేసినా ముందు అదే గుర్తుకొచ్చేది.

మా ఇంట్లో అట్లా జరిగిన మరుసటి ఎండాకాలం బావకు పెండ్లయిందని అవ్వ కబురు తెచ్చింది. ఇక్కడివాళ్లు ఎవరూ పిల్లను ఇవ్వలేదట. దూరం పోయి, మక్తల్ దిక్కు ఎవరో లేనివాళ్ల పిల్లను చేసుకొచ్చాడట. నెమ్మదైన మనిషి దొరికాడని ఆ పిల్ల తల్లి సంబరపడుతోందట.

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. అవ్వ లేచి పోతుంటే, "అవ్వా, గా మక్తల్ దిక్కు డేరా పోయిందో లేదో" అన్నది.