గుంతలకు పేర్లున్న రోడ్డు

ఈ సంగతి రాసి పెట్టాలని నేను ఏండ్ల తరబడి అనుకుంటున్నదేమీ కాదు, మొన్న మొన్నటి దాకా నాకు ఆ ఆలోచనే లేదు. ఇప్పుడు మాత్రం రాయక తప్పడం లేదు. మా ఊరి నుంచి ఎల్లారెడ్డికి పోయే పాత మట్టిరోడ్డు మీద ఏ గుంత పేరు ఏమిటో చెప్పగలిగినవాళ్లం ఇక మా అక్క, మా బావ, నేను మాత్రమే మిగిలాం. పైగా ఇక్కడ కామారెడ్డిలో మా మనవరాలు ఆదివారం లోపల నా దగ్గర ఒక సంతకం కోరుతున్నది. అది పెట్టాలా వద్దా అన్నది ఆ గుంతల కథ ఒకసారి మొదటినుంచి చెప్పుకుంటే తప్ప నాకు తేలేట్టు లేదు.

మనవరాలు ఇక్కడే ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేసే పని చేస్తుంది, రోజూ సైకిలు మీదనే పోతుంది. మా వాడ బయటి రోడ్డుకు తారు మీద తారు పోసీ పోసీ అంచు ఒక మెట్టంత ఎత్తు లేచింది, కింద మట్టి మట్టిగానే ఉండిపోయింది. వెనక లారీ హారన్ కొడితే పిల్ల పక్కకు తప్పుకున్నది, చక్రం అంచు దిగింది, ఎడమ చెయ్యి విరిగింది. మెడకు కట్టిన పట్టీలో చెయ్యి పెట్టుకొని ఇంటికి వచ్చినప్పుడు ఏడుస్తుందేమో అనుకున్నాం గానీ, ఆ పిల్ల కోపంతో వచ్చింది. తర్వాత మా ముందరి అర్రలో పాలు పోసేవాళ్లు, అడ్డా కూలీలు, తెల్లారి వ్యాయామానికి నెత్తిన టోపీలు పెట్టుకొని తొక్కే ఉద్యోగస్తులు అందరూ కూర్చొని, సైకిలు తొక్కేవాళ్లకు ఒక పార్టీ ఉండాలని తీర్మానించుకున్నారు. మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డుకు మనవరాలినే నిలబెడతారట. ఆమెను ప్రతిపాదిస్తూ ఇదే వార్డులో ఓటున్న మనిషి సంతకం చేయాలి, ఆ మనిషి నేనే కావాలట.

“నువ్వే గదా తాతా, లోకంల మంచి రోడ్లు ముందుగాల అడిగింది సైకిలోళ్లే అని నాకు చిన్నప్పుడు చెప్పినవ్” అన్నది. చెప్పిన మాట నిజమే. అప్పటినుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. గేటు దాకా పోతాను, రోడ్డు చూస్తాను, మళ్లీ వచ్చి పుస్తకం తెరుస్తాను, పేజీ దాటదు. “కాళ్ల కింద నిప్పులున్నయా ఏంది, జర కూసో” అని మా ఇంటావిడ కసురుకుంటున్నది.

నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకానే. ఆ తర్వాత చదివినదంతా ఎల్లారెడ్డి గ్రంథాలయంలో చదివిందే, ఆ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. మా వాడ ఆడవాళ్లు చుట్టిన బీడీలను గంపకెత్తుకొని సైకిలు మీద ఎల్లారెడ్డి కార్ఖానాకు చేర్చడం నా పని. అక్కడ వాళ్లు కట్టలు విప్పి మంచివీ చెడ్డవీ ఏరేదాకా నాకు పని ఉండేది కాదు. పక్క సందులోనే గ్రంథాలయం, పెంకుల కప్పు, పొడుగు బెంచీలు. చరిత్ర చదివాను, భూగోళం చదివాను, అట్టలు ఊడిపోయి పేర్లు తెలియని పుస్తకాలు కూడా చదివాను. మోటారు కార్లు రాకముందే కొన్ని దేశాల్లో సైకిలు తొక్కేవాళ్లు సంఘాలు కట్టి, మాకు మంచి రోడ్లు కావాలని ప్రభుత్వాలను నిలదీశారని అందులో ఒకదాంట్లోనే చదివాను. అది చదివిన రోజు సైకిలు మీద తిరిగివస్తుంటే నేనూ ఏదో పెద్ద కులానికి చెందినవాడినే అనిపించింది.

రోడ్డు అంటున్నాను గానీ అప్పటికి అది ఎడ్లబండ్ల బాట. మధ్యలో ఒక ఒర్రె, చిన్న వాగు, అడ్డం పడేది. ఎండకాలం ఇసుక, వానకాలం నీళ్లు. ఒర్రెలోకి దిగే ముందు ఎర్ర మొరం గడ్డ ఒకటి ఉండేది. ఆ దారిన పోయే ప్రతి సైకిలు హ్యాండిలుకూ ఒక చిన్న గోనెసంచి వేలాడేది. గడ్డ దగ్గర దిగి, సంచిలో పట్టినంత మొరం ఎత్తుకొని, కొత్తగా పడిన గుంతలో పోసి, మడమతో అదిమి, ఆ తర్వాతే అవతలి గట్టు ఎక్కాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ రాసుకున్నది కాదు. కొత్తగా పెండ్లయి అత్తగారింటికి తెల్లబట్టల్లో వచ్చిన అల్లుడైనా సరే, సంచి మొరం పోయకుండా ఒర్రె దాటితే మరదండ్లు ఊరుకునేవాళ్లు కాదు.

గుంతలో మొదట ఎవరు పడితే దానికి వాళ్ల పేరు. పాలాయన గుంత, పంతులు గుంత, కొత్తల్లుని గుంత. ఇది వేళాకోళానికి పెట్టుకున్నదే అయినా పనికొచ్చేది, ఎదురు వచ్చేవాళ్లు “పంతులు గుంతల నీళ్లు నిలిచినయ్, కుడికెళ్లి పో” అని కేక వేసేవాళ్లు. గుంత పూడితే పేరు పోయేది. అందుకే పడ్డవాడు అందరికంటే ముందు వచ్చి మొరం పోసేవాడు, పంతులైతే పిల్లలు క్లాసులో నవ్వుతున్నారని రెండు సంచులు మోసేవాడు.

నా పేర కూడా ఒకటి పడింది, బీడీల గుంత. ముసురు పట్టిన పొద్దున గంపతో సహా నీళ్లలో పడ్డాను. తడిసిన బీడీలను కార్ఖానా వాళ్లు నా కండ్లముందే విరిచి పారేశారు. మా అవ్వ, మా అక్క, వాడలోని ఆడవాళ్లందరూ నడుములు వంచి చుట్టినవి. ఖాళీ గంపతో తిరిగివచ్చిన నన్ను చూసి, నన్ను కన్న మా అవ్వ మళ్లీ చాట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నది. మరునాడు నేను పోయేసరికి నా గుంతలో అప్పటికే ఎవరో మొరం పోసి ఉన్నారు. అది మా బావ చేసిన పని. మా బావ ఎల్లారెడ్డిలో పాలు పోసేవాడు, అందరికంటే ముందు ఒర్రె దాటేవాడు.

ఒక ఏడాది వానలు ఒర్రెను మొత్తం తవ్వుకుపోయాయి. సంచులతో పూడేది కాదని తేలిపోయింది. పంచరు దుకాణం ముందర సైకిలోళ్లందరం కూర్చున్నప్పుడు నేను గ్రంథాలయంలో చదివిన సంగతి విప్పాను. అందరూ విన్నారు. సర్పంచి ఎన్నికలు దగ్గరికి వచ్చాయి, మన మనిషినే నిలబెడదామన్నారు, మా బావ పేరు వచ్చింది. పంచరు దుకాణం ఆయన మాత్రం “రోడ్డు మంచిగైతే నా బతుకేంగావాలె? నా ఓటు వేరేటోనికే” అన్నాడు, అని కూడా ఊరంతా మా జెండా పట్టుకొని తిరిగాడు.

సైకిలు గుర్తు ఇమ్మని బావ అడిగితే ఆఫీసరు నవ్వాడట, అది ఎప్పుడో ఒక పెద్ద పార్టీ వాళ్లదైపోయింది కదా. చివరికి కత్తెర ఇచ్చారు. “సైకిలోళ్లకు కత్తెర దొరికింది, ఇగ ట్యూబులు కోసుకుంటరు” అని అవతలివాళ్లు ఆడిపోసుకున్నారు. అయినా బావ గెలిచాడు. ఆ సాయంత్రం మా ఊరి సైకిలు గంటలన్నీ ఒక్కసారి మోగినట్టు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ మరునాటి నుంచే ఒక్కొక్క హ్యాండిలు మీది గోనెసంచీ మాయమైంది. ఎవరూ అనుకొని చేసింది కాదు. సర్పంచి మనోడే, ఇంకా మనం మొయ్యడమేమిటన్నారు. బావ మాత్రం పాల క్యాన్లు మా అక్కకు అప్పజెప్పి, బస్సెక్కి ఒకనాడు కామారెడ్డి, ఒకనాడు నిజామాబాదు, ఇంజనీర్ల ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఇయ్యాల రా, రేపు రా. మళ్లీ వానకాలం వచ్చింది. ఒర్రెలో గుంతలు లేచాయి, జనం పడ్డారు, కానీ ఇప్పుడు పేర్లు వేరువేరుగా పడలేదు. పంతులు పడ్డా సర్పంచి గుంతే, నేను పడ్డా సర్పంచి గుంతే. మొత్తం బాటకు ఒక్క మనిషి పేరే మిగిలింది.

అక్కకు జ్వరం వచ్చిన ఒక పొద్దున బావ చాలా రోజులకు తానే క్యాన్లు కట్టుకొని బయలుదేరాడు. నేను వెనక వస్తున్నాను. ఒర్రె నడుమ చక్రం దిగబడి, క్యాన్లతో సహా పక్కకు ఒరిగిపోయాడు, మోకాలు రాతికి తగిలింది. పాలు బురదలో తెల్లగా పారుతున్నాయి. గట్టు మీద ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. లేపుతారనుకున్నాను. ఒకాయన బావ మీదికి వంగి, చేతులు జోడించి, “సర్పంచి సాబ్, ఇగ నువ్వే సూడు, ఈ రోడ్డు ఎప్పుడైతది?” అని అడిగాడు. ఆయన వేళాకోళం చేయలేదు, నిజంగానే అడిగాడు. నేనూ పంతులూ బావను లేపి కూర్చోబెట్టాం.

తారురోడ్డు వచ్చింది, ఒర్రె మీద వంతెన కూడా వచ్చింది, కానీ బావ పదవి దిగిపోయిన తర్వాత. అప్పటికి ఆ మోకాలు పెడలు తిప్పే స్థితిలో లేదు, ఆ రోడ్డు మీద బావ ఒక్కసారి కూడా సైకిలు తొక్కలేదు. ఇన్నేండ్లుగా నా గుండెల్లో మెదులుతున్నది అదే. రేపు గెలిస్తే మనవరాలి గతీ అంతే కదా, కామారెడ్డిలో ఎవరు ఎక్కడ పడ్డా ఆ పిల్ల పేరే పెడతారు కదా అన్నదే నా భయం. పార్టీ వద్దు, తట్ట పట్టుకొని అంచున మొరం పోద్దాం పద అన్నాను. “జిల్లా అంత తట్టలతోని మోస్తమా తాతా?” అన్నది.

నిన్న బస్సెక్కి ఎల్లారెడ్డి పోయాను, అక్కా బావా ఇప్పుడు ఉంటున్నది అక్కడే. బావ గడపలో కుర్చీ వేసుకొని, కాలు చాపుకొని కూర్చున్నాడు. నేను అంతా చెప్పి, ఆ సర్పంచి గుంతల సంగతి ఎత్తి, నీకు ఎంత కష్టం కలిగిందో నేను మరిచిపోలేదు అన్నాను. బావ నన్ను వింతగా చూశాడు.

“నాకేం కష్టం? నా పేరు పెట్టిండ్రు గనుకనే రోడ్డచ్చింది, బామ్మర్దీ. పాలాయన గుంత, పంతులు గుంత అంటే ఇంజనీరుకు ఏం తెలుస్తది? సర్పంచి గుంత అన్నంక, నేను పోయి నా గుంత సంగతి ఏంజేసినవయ్యా అని ఆయన ముంగట కూసున్న.”

లోపలి నుంచి అక్క అందుకున్నది. “మంచిగ కూసున్నడు. ఇప్పుడు గుడ కూసునే ఉన్నడు, లేవమను సూద్దాం.”

బావ నవ్వాడు, అక్క నవ్వలేదు. ముప్పై ఏండ్లకు పైగా నేను మోసిన బాధ అక్కదని, బావది కాదని నాకు అప్పుడు తెలిసింది. బస్సులో మా ఊరి మీదుగా తిరిగివస్తూ కిటికీలోంచి ఒర్రె ఎక్కడ దాటామా అని చూశాను. వంతెన మీద బస్సు ఎగరను కూడా ఎగరలేదు. ఆ మొరం గడ్డను ఎప్పుడో తవ్వి పట్టుకుపోయారు, అక్కడ ఒక పెట్రోలు బంకు ఉన్నది.

సంతకం ఇప్పుడే పెట్టాను. మనసు నెమ్మదించిందని చెప్పలేను, ఇది రాస్తూ కూడా గేటు దాకా పోయి వచ్చాను. అప్పుడు మా బాట అధ్వానంగా ఉండేది, కానీ ఎవరు ఎక్కడ పడ్డారో బాటకు తెలిసేది. ఇప్పుడు రోడ్డు నల్లగా నిగనిగలాడుతున్నది, మనవరాలు పడ్డ చోటు పక్కనుంచి రోజంతా బండ్లు పోతూనే ఉంటాయి, ఆ చోటికి పేరు లేదు. అందుకని ఒక షరతు పెట్టాను. నామినేషను వేయడానికి పోయేముందు పార్టీలో ఉన్నవాళ్లందరూ తలా ఒక సంచి మొరం తెచ్చి ఆ అంచున పోయాలి, గెలిచినంక కూడా హ్యాండిలుకు సంచి ఉండాలి. పిల్ల ఒప్పుకున్నది. మాట నిలుస్తుందో లేదో చూడాలి.

బీడీలు ఏరడం అయ్యేదాకా బెంచీ మీద కూర్చోనిచ్చిన ఆనాటి గ్రంథాలయం పెద్దాయనకు, గుంతల పేర్లు వరసలో సరిదిద్దిన అక్కకు, మోకాలి సంగతి రాయొద్దని చెప్పి రాసినా ఊరుకుంటానన్న బావకు, నా ఖాళీ గంపను చూసి మళ్లీ చాట అందుకున్న మా అవ్వకు, ఓటు ఎవరికి వేశాడో ఎవరికీ చెప్పకుండానే పోయిన పంచరు దుకాణం ఆయనకు, విరగని చేత్తో దీన్నంతా టైపు చేసి పెట్టిన మనవరాలికి నా దండాలు. ఆ ఒర్రెలో పడి లేచిన మిగతావాళ్లకు కూడా పేరుపేరునా చెప్పుకోవాలని ఉంది. కానీ వాళ్ల పేర్ల మీద మేమే మొరం పోసి తొక్కాం.