ఫైనల్‌కి ముందు

మా అమ్మాయికి కరాటే నేర్పిన ఫ్రెంచి ఆవిడ ఒకప్పుడు యూరప్ ఛాంపియన్ అని మాకు చాలాకాలం తెలియదు. ఆస్ట్రేలియాలో పారమట్టాకి దగ్గర్లో ఒక ప్రైమరీ స్కూల్ హాలులో సాయంత్రాలు పిల్లలకి క్లాసు చెప్పేది. ఆ హాలు ఎప్పుడూ మగ్గిన అరటిపండ్ల వాసన వేసేది. ఆమె తెల్ల దుస్తులు మాత్రం ఇస్త్రీ మడత నలగకుండా ఉండేవి. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక ముస్లిం వ్యాపారి కూతుర్ని క్లాసుకి దింపడానికి వచ్చేవాడు. హారిస్ పార్క్‌లో ఆయనకి మసాలా దినుసుల కొట్టుంది. ఒకరోజు ఆమెను చూస్తూ నాతో అన్నాడు.

"డాక్టర్ సాబ్, ఈ మేడమ్‌ను సూడుండ్రి. కూసున్నా నిలవడ్డట్టే ఉంటది. అచ్చం మీ తీరే."

వెక్కిరించాడో మెచ్చుకున్నాడో అడగలేదు. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మాది గోదావరి ప్రాంతంలో చిన్న జమీందారీ. చట్టం వచ్చి సగం పోయింది, కోర్టుల్లో మిగతా సగం పోయింది. నేను పుట్టేసరికి దివాణం ముందుభాగం పెళ్లిళ్లకి అద్దెకిచ్చి వెనక గదుల్లో ఉంటున్నాం. ముందు బ్యాండుమేళం మోగుతుంటే మా నాన్నగారు ఇస్త్రీ పంచె కట్టి, ఉత్తరీయం సర్దుకుని, ఆ పెళ్లివారంతా తన అతిథులే అన్నట్టు వరండాలో కూర్చునేవారు. ఊళ్లో నవ్వుకునేవారు. నవ్వినవాళ్ల మొహాలు నాకు గుర్తులేవు. ఆయన కూర్చున్న తీరు గుర్తుంది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని గనక, ఆ స్కూల్ హాలులో ఆమె నిలబడ్డ తీరు చూడగానే ఈమె వెనక ఏదో పెద్దది కూలిపోయి ఉంటుందని నాకు తెలిసిపోయింది.

క్లాసు అయ్యాక ఆమెను ఇంటిదగ్గర దింపడం అలవాటైంది. ఆమె కథ నాకు, మా దివాణం కథ ఆమెకి తెలిసింది ఆ కారు ప్రయాణాల్లోనే. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. పిల్లల తల్లులు నన్ను పిలవడం విని ఆమె కూడా నన్ను "అక్కా" అనేది. ఆ ఒక్క మాట మాత్రం తెలుగే.

ఆమె పుట్టింది ఫ్రాన్సులో ఒక ఓడరేవు పట్నంలో. తల్లి ఆఫీసులు శుభ్రం చేసేది. పని అయ్యేదాకా పిల్లని ఎక్కడో ఒకచోట ఉంచాలి గనక మునిసిపాలిటీ వ్యాయామశాలలో కరాటే క్లాసులో వదిలివెళ్లేది. అలా వదిలిన పిల్ల పెద్దయ్యి, దేశం జట్టులోకి వెళ్లి, యూరప్ మొత్తంలో తన బరువు విభాగంలో మొదటిదయింది. టోక్యో ఒలింపిక్స్‌లో కరాటేకి ఒక్కసారి చోటిచ్చారు. ఆమెకి ఒక్క స్థానం తేడాతో అవకాశం తప్పిపోయింది. పర్వాలేదు, వచ్చేసారి పారిస్ కదా, సొంత దేశం కదా అనుకుంది. పారిస్‌లో అసలు కరాటే లేదు.

"నా ఇంట్లో విందు జరిగింది అక్కా, నాకు పిలుపు లేదు," అంది ఒకసారి, వైపర్లు కొట్టుకుంటున్న అద్దంలోకి చూస్తూ.

అప్పటికి ఒక ఆస్ట్రేలియా మనిషిని పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చింది. ఇక్కడి పౌరసత్వం వచ్చింది, పెళ్లి పోయింది. మిగిలిన ఆశ ఒకటే. ఆస్ట్రేలియా తరఫున ప్రపంచ పోటీల్లో ఒక్కసారి నిలబడాలి. ముప్పై నాలుగేళ్ల మనిషి తనలో సగం వయసు పిల్లలతో రోజూ సాధన చేసేది. ఎంపిక పోటీలో ఫైనల్ గెలిచినవాళ్లకే జట్టులో చోటు.

ఇలాంటి పోటీలకి డాక్టరు ఉండి తీరాలి. ఎవరూ దొరకడం లేదని ఆమే అడిగితే ఒప్పుకున్నాను. ఎంపిక రోజుకి ముందే రెండు మూడు పోటీలకి వెళ్లాను. బెణికిన వేళ్లకి టేపు చుట్టడం, ముక్కులో దూది పెట్టడం తప్ప పనుండేది కాదు.

ఈ ఆట నియమం ఒకటి చెప్పాలి. ఇందులో గుద్దు ముఖం దాకా వెళ్లి ఆగాలి. గట్టిగా తగిలితే శిక్ష కొట్టినవాళ్లకి. దెబ్బ తిన్నవాళ్లు ఇక ఆడలేరని డాక్టరు అంటే, కొట్టిన మనిషిని పోటీ నుంచి తప్పిస్తారు, దెబ్బ తిన్న మనిషి గెలిచినట్టు. కానీ అలా గెలిచిన మనిషి తర్వాతి ఆట ఆడాలంటే మళ్లీ డాక్టరే సరేననాలి.

ఎంపిక రోజున సెమీఫైనల్లో ఆమెకి ఎదురుగా కాన్‌బెరా నుంచి వచ్చిన పొడుగుపాటి యూనివర్సిటీ పిల్ల. ఆమెది ఎర్ర నడికట్టు, ఆ పిల్లది నీలం. ఆమె ఆధిక్యంలో ఉంది. ఇంక కాసేపు దూరంగా తిరుగుతూ ఉంటే సరిపోయేది. అది ఆమెకి చేతకాదు. ముందుకే వెళ్లింది. అదే క్షణంలో ఆ పిల్ల కుడిచేయి కూడా వచ్చింది. గడ్డం మీద తగిలిన చప్పుడు నేను కూర్చున్న బల్ల దాకా వినిపించింది.

ఆమె ఒక మోకాలి మీదికి ఒరిగి వెంటనే లేచింది. హాలంతా చప్పట్లు. రిఫరీ నన్ను పిలిచాడు. చెప్పులు విప్పి చాప మీదికి వెళ్లాను. మొహం మామూలుగానే ఉంది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. "నేను బాగున్నాను," అంది. రిఫరీ ఇద్దరినీ తమ తమ చోటికి వెళ్లమన్నాడు. ఆమె తిన్నగా నడిచి వెళ్లి నీలం నడికట్టు వాళ్ల చోట నిలబడింది. ఇరవై ఏళ్లకి పైగా ఆ చాపల మీద బతికిన మనిషి. ఆ కాన్‌బెరా పిల్ల తన చోట ఇంకొకరు నిలబడి ఉంటే ఎటు పోవాలో తెలియక మధ్యలో ఆగిపోయింది. ఎవరో నవ్వారు కూడా.

ఆడకూడదని చెప్పాను. కాన్‌బెరా పిల్లని తప్పించారు. అది ఏడుస్తూ వెళ్లింది. ఫ్రెంచి మనిషి ఫైనల్‌కి చేరింది. ఫైనల్‌కి ఇంకా రెండు గంటలుంది.

నీళ్లసీసా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఫైనల్‌కి సరేనంటావు కదా?"

"అనను."

"తగిలింది, లేచాను. ఇంకేం కావాలి?"

"లేచి ఎటు నడిచావు?"

"నా చోటికే."

"కాదు."

నేను అబద్ధం చెబుతున్నానేమోనని నా మొహంలో వెతికింది.

"మూడు నిమిషాల ఆట. మళ్లీ ఎంపిక వచ్చేసరికి నన్ను ఎవరు రానిస్తారు? ఇక్కడున్న వాళ్లెవరికీ నేనేం అడుగుతున్నానో తెలియదు. నీకు తెలుసు. పడిపోయిన చోటునుంచి ఒక్కసారి లేచి నిలబడాలంతే. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

తెలుసు. ఆమె వెళ్లి గోడకి ఆనుకోకుండా కూర్చుంది.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. మసాలా కొట్టాయన ముందు వచ్చాడు.

"గింత పంతం ఏంది డాక్టర్ సాబ్? మొహం మంచిగనే ఉంది. ఆట అయినంక దవాఖానకు నేనే తోలుకపోత."

"ఆ ఆటలో ఇంకో గుద్దు అదే చోట పడితే దవాఖానకి తీసుకెళ్లే పనుండదు."

"యా అల్లా, గట్లనకుండ్రి," అని వెనక్కి తగ్గాడు. పోతూ పోతూ, "దొరల బిడ్డ కదా, ఒకపారి అన్నదంటే అన్నదే," అని పక్కవాళ్లతో అనడం నాకు వినిపించేలాగే అన్నాడు.

నిర్వాహకుడు వచ్చి, మీరు సరేనంటే ఎవరూ ప్రశ్నించరని నెమ్మదిగా చెప్పాడు. మా అమ్మాయి వచ్చింది. పదహారేళ్లది, ఇక్కడే పుట్టింది. నా తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

"మమ్, షీ నోస్ హర్ ఓన్ బాడీ. వై ఆర్ యూ డూయింగ్ దిస్?"

"తన ఒళ్లు తనకి తెలిసే స్థితిలో లేదమ్మా."

"యూ ఆల్వేస్ డు దిస్. ఎవ్రీబడీ హ్యాజ్ టు స్టాండ్ వేర్ యూ సే."

మా నాన్నగారికి చక్కెర వ్యాధి. కాలికి చిన్న పుండు లేచింది. కుంటడం ఎవరైనా చూస్తే పరువు తక్కువని, వరండా దాకా మామూలుగా నడిచి వచ్చి కూర్చునేవారు. ఊళ్లో డాక్టరు మా తాతగారు చదివించిన మనిషి. దివాణంలో ఎప్పుడూ ఎత్తు తక్కువ కుర్చీలోనే కూర్చునేవాడు. పుండు చూసి, "చిన్న గీత బాబుగారూ, పులికి ముల్లు గుచ్చుకున్నట్టు," అనేవాడు. కాలు తీసేయాలని ఆ డాక్టరుకి తెలుసు. దివాణంలో కూర్చుని బాబుగారితో ఆ మాట అనడానికి నోరు రాలేదు. మా ఇళ్లల్లో ఎదురుగా కాదనే మనిషి ఉండడు. మేం పెంచుకున్న మర్యాద అది. విషం ఒళ్లంతా పాకాక పట్నం తీసుకెళ్లారు. నేనప్పుడు వైద్య కళాశాల రెండో సంవత్సరంలో ఉన్నాను. ఆ డాక్టరు దినానికి వచ్చి మా అమ్మ కాళ్లమీద పడ్డాడు. మా అమ్మ ఆయనకి మజ్జిగ ఇప్పించి పంపింది.

ఫైనల్‌కి పిలిచారు. ఆమె ఎర్ర నడికట్టు బిగించుకుని చాప అంచున వచ్చి నిలబడింది. రిఫరీ నా వైపు చూశాడు. హాలంతా చూసింది. అడ్డంగా తల ఊపాను. అవతలి మనిషి చెయ్యి పైకెత్తారు. ఆమె వంగి నమస్కరించి, ఎవరి వైపూ చూడకుండా దుస్తులు మార్చుకునే గదిలోకి వెళ్లింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

ఆసుపత్రికి రానంటుందేమో అనుకున్నాను. మారు మాట్లాడకుండా కారెక్కింది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు మంచి లక్షణంగా కనిపించలేదు. మా అమ్మాయి వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. హైవే ఎక్కాక ఆమె నా వైపు తిరిగింది.

"ఫైనల్ ఎన్నింటికి అక్కా?"

నన్ను పొడవడానికే అడిగిందనుకున్నాను.

"అయిపోయింది."

"ఎవరు గెలిచారు?"

అప్పుడు ఆమె మొహం చూశాను. అందులో వ్యంగ్యం లేదు.

"అవతలి అమ్మాయి. నువ్వు ఆడలేదు. నేను వద్దన్నాను."

ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. హాలులో నిలబడ్డప్పుడు ఎవరికీ చూపించనిది ఇక్కడ దాచుకోలేకపోయింది. కొంతదూరం వెళ్లాక కన్నీళ్లు తుడుచుకుని రోడ్డు చూసింది. మొహం మళ్లీ తేలికపడింది.

"మనం ఎటు వెళ్తున్నాం? ఫైనల్ ఎన్నింటికి?"

వెనక సీట్లోంచి మా అమ్మాయి ముందుకి వంగింది.

"ఓ గాడ్. మమ్, జస్ట్ సే ఇట్స్ లేటర్. ప్లీజ్. చెప్పు, లేటర్ అని."

తర్వాత అని చెప్పడం ఎంతసేపు. చెప్పి ఉంటే ఆమె నవ్వేది కూడా.

"అయిపోయింది. నువ్వు ఆడలేదు. నేను వద్దన్నాను."

మొదటిసారి విన్నట్టే విన్నది. మళ్లీ అదే నోరు తెరుచుకోవడం, అవే కన్నీళ్లు. ఆసుపత్రి చేరేలోపు ఇంకా అడిగింది. అడిగినప్పుడల్లా నిజమే చెప్పాను. మా అమ్మాయి చెవులు మూసుకుంది.

స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. విశ్రాంతి తీసుకుంటే జ్ఞాపకం కుదుటపడుతుందన్నారు.

"సో షీ కుడ్ హావ్ కంపీటెడ్," అంది మా అమ్మాయి, కారు పార్కింగులో.

స్కాన్‌లో కనిపించే దెబ్బ వేరు, ఇది వేరు, ఇలాంటి దానిమీద రెండో దెబ్బ పడితే ఏమవుతుందో చెప్పబోయాను. అప్పటికే ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంది.

ఆ టర్ము అయ్యేదాకా ఆమె క్లాసు చెప్పింది, తర్వాత ఆపేసింది. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో పాయింట్ కుక్ వైపు ఏదో జిమ్‌లో కౌంటరు దగ్గర పనిచేస్తోందని మసాలా కొట్టాయన చెప్పాడు. ఆయన కూతురు ఇంకా ఆమెతో ఫోనులో మాట్లాడుతుంది. మా అమ్మాయి కరాటే మానేసింది.

ఒకరోజు ధనియాలు తూస్తూ ఆయన తల ఎత్తకుండా అన్నాడు.

"ఒక మాట డాక్టర్ సాబ్. మేడమ్‌కు ఆ రోజుది ఏం యాదిలేదంట. గుద్దు లేదు, ఫైనల్ లేదు. కార్ల కూసున్నప్పుడు మీ గొంతు ఒక్కటే యాదికున్నదంట. 'నువ్వు ఆడలే, నేను వద్దన్న' అని మీరు మల్ల మల్ల అన్నరంట. ఏడుస్తుంటే కూడ ఆపలేదంట. కావాలని అన్నరనుకుంటున్నది."

"ఆమె అడిగింది. అడిగినందుకు చెప్పాను."

"మీరే అడిగి ఉంటరని మా బిడ్డ గదే అన్నది మేడమ్‌తోని. నమ్ముతలేదు. ఒక్కసారి అడిగినదాన్ని మల్ల ఎందుకు అడుగుత అంటది."

ధనియాలు తీసుకుని వచ్చేశాను. నేను ఆమెకి ఫోన్ చేయలేదు. చెప్పుకోవలసింది ఏమీ లేని చోట సంజాయిషీ ఇచ్చుకోవడం నాకు రాదు. వెనక సీట్లో మా అమ్మాయి అంతా విన్నది. తను చెబితే ఆమె నమ్మేదేమో. చెప్పమని నేను అడగలేదు. తనకి తానుగా చెబుతుందేమోనని కొన్నాళ్లు చూశాను. చెప్పలేదు.